ఎలెవన్ బతికుందా? ఒక ముగింపు, మన వాదన

 

ఈ పూట మీతో ఒక టీవీ సిరీస్ గురించి మాట్లాడదామని వచ్చాను. ముఖ్యంగా దాని ముగింపు గురించి. ఆ ముగింపు మీద మన పిల్లలు చేస్తున్న వాదన గురించి.

2026 జనవరి 1. పొద్దున్న ఆరున్నర. వాకిట్లో వేసిన కొత్త సంవత్సరం ముగ్గు తడి ఇంకా ఆరలేదు. రాత్రి పన్నెండుకు కేకు కోసి, ఏ ఒంటిగంటకో పడుకున్న కుర్రకారు అంత పొద్దున్నే లేచి సెల్‌ఫోన్ల ముందు, టీవీల ముందు కూర్చున్నారు. ఎందుకు? ‘స్ట్రేంజర్ థింగ్స్’ ఆఖరి ఎపిసోడ్ మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో ఆ వేళకే వచ్చింది. రెండు గంటలకు పైగా సాగే ఎపిసోడ్ అది. తొమ్మిది దాటేసరికి చూడ్డం అయిపోయింది. వాదన మొదలైంది.

పెద్దవాళ్ళ కోసం ఆ కథ రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో హాకిన్స్ అని ఓ చిన్న ఊరు. ఊరు కల్పితం. కథ మొదలయ్యేది 1983లో. సైకిళ్ళ మీద తిరిగే నలుగురు స్నేహితులు. అందులో విల్ అనే పిల్లవాడు ఓ రాత్రి మాయమవుతాడు. వాడిని వెతుకుతుంటే గుండు చేసిన ఓ చిన్నపిల్ల కనబడుతుంది. ఆ పిల్లకు పేరు లేదు, నంబరే పేరు. ఎలెవన్. అంటే పదకొండు. ఓ ప్రయోగశాలలో పెట్టి పెంచారు ఆ పిల్లని. చేత్తో ముట్టుకోకుండా మనసుతోనే వస్తువుల్ని కదపగలదు. మన లోకానికి అడుగున చీకటి లోకం ఒకటి ఉందని, విల్ అక్కడ చిక్కుకున్నాడని ఆ పిల్ల ద్వారానే తెలుస్తుంది. అక్కడ మొదలైన కథ ఐదు సీజన్లు నడిచింది. రాసి తీసినవాళ్ళు మ్యాట్ డఫర్, రాస్ డఫర్. కవల అన్నదమ్ములు.

మొదటి సీజన్ వచ్చింది 2016లో. ఆఖరిది 2025 చివర్లో. మధ్యలో తొమ్మిదేళ్ళు. ఒక్కసారి ఆలోచించండి. ఏడో తరగతిలో చూడ్డం మొదలుపెట్టిన పిల్ల, డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కునే నాటికి ఆఖరి ఎపిసోడ్ చూసింది. తెర మీద ఉన్న పిల్లలూ అలాగే ఎదిగారు. చిన్న గొంతులు పెద్ద గొంతులయ్యాయి. చూసేవాళ్ళు, నటించేవాళ్ళు కలిసి పెరిగారు. తెలుగు మాటలతో చూసే వీలు కూడా రావడంతో ఇంగ్లీషు అలవాటు లేని ఇళ్ళకూ చేరింది. అందుకే ఆ ముగింపు అంత బరువుగా తగిలింది. పక్కింటి పిల్ల కథ ముగిసినట్టు తగిలింది.

ఇంకా చూడనివారికి ఒక్క మాట. ఇప్పుడు ఆఖర్న ఏం జరిగిందో చెప్పబోతున్నాను. ముందే తెలియడం ఇష్టం లేకపోతే రేడియో గొంతు కాస్త తగ్గించండి. కోపం ఏమీ లేదు.

ఆఖర్న ఏం జరిగింది? దుష్టుడు వెక్నా చచ్చాడు. చీకటి లోకాన్ని బాంబులతో కూల్చేశారు. అది కూలుతుంటే ఎలెవన్ లోపలే నిలబడిపోయింది. తాను బతికున్నంత కాలం తన రక్తం కోసం సైన్యం వెంటపడుతుంది. మళ్ళీ పిల్లలమీద ప్రయోగాలు చేస్తారు. ఆ పాపం తనతోనే ఆగిపోవాలనుకుంది. ఆ నలుగురు స్నేహితుల్లో తను ప్రేమించిన మైక్‌కు మనసులోనే వీడ్కోలు చెప్పింది. లోకం కూలింది. ఆమె కనబడలేదు.

తర్వాత పద్దెనిమిది నెలలు గడుస్తాయి. పిల్లల స్కూలు చదువు పూర్తయింది. స్నేహితులందరూ మైక్ ఇంటి కింది గదిలో కూర్చుని ఆఖరిసారి తమ పాత బల్ల ఆట ఆడుతున్నారు. అప్పుడు మైక్ ఓ కథ చెబుతాడు. కాళి అనే అమ్మాయి ఉంది కదా, చూసేవారి కళ్ళకు మాయ కమ్మించే శక్తి ఆమెది. చనిపోతూ చివరి మాయ ఆమే చేసింది అంటాడు. మనం చూసింది ఎలెవన్‌ని కాదు, ఆమె బొమ్మని అంటాడు. అసలు ఎలెవన్ ఎక్కడో దూరాన, జలపాతాల దగ్గర ఓ పల్లెలో ప్రశాంతంగా బతుకుతోంది అంటాడు. స్నేహితులు కళ్ళు తుడుచుకుని, నేను నమ్ముతున్నాను, నేనూ నమ్ముతున్నాను అంటారు. అంతే. కథ అక్కడ ఆగింది.

ఇక చూడండి మన ఇళ్ళల్లో గొడవ. చెల్లెలు అంటుంది, “అన్నయ్యా, ఎలెవన్ చచ్చిపోలేదు. సైన్యం దగ్గర దాని శక్తిని అణిచేసే మెషీన్లు ఉన్నాయి కదా. అవి మోగుతుంటే మైక్ మనసులోకి ఎలాగొచ్చింది? అది మాయే. కాళి చేసిందే.” అన్నయ్య ఒప్పుకోడు. “అదేటే అలాగంటావు. బతికుంటే బతికున్నట్టు చూపించాల కదా. మైక్ తన మనసు ఊరుకోబెట్టుకోడానికి చెప్పుకున్న కథ అది. చచ్చిపోయింది.” మధ్యలో అమ్మ కాఫీ తెచ్చి పెడుతుంది. “ఇంతకీ ఆ పిల్ల ఉందా, పోయిందా?” అమ్మ అడిగిన ప్రశ్నకు ఇద్దరూ రెండు జవాబులు చెబుతారు.

అమ్మ ప్రశ్నకు డఫర్ అన్నదమ్ములు కూడా సూటిగా జవాబు చెప్పలేదు. ఎలెవన్ అంటే బాల్యంలో ఉండే అద్భుతం, పిల్లలు పెద్దవాళ్ళు కావాలంటే ఆ అద్భుతం వాళ్ళను విడిచి వెళ్ళాలి అన్న అర్థంలో మాట్లాడారు. నమ్మేదేమిటో స్నేహితులకు వదిలేశారు, మనకూ వదిలేశారు.

ఈ రెండు పక్షాలూ కాక మూడో పక్షం ఒకటి పుట్టింది. ఇది అన్నింటికంటే విచిత్రం. ఈ ముగింపే అబద్ధం అన్నారు వాళ్ళు. వెక్నా ఇంకా చావలేదు, మనం చూసిన చివరి ఘట్టమంతా అతడు పన్నిన మాయ అన్నారు. సాక్ష్యాలు చూపించారు. పట్టాల పండుగలో అందరూ చేతులు ఒకేలా ఎందుకు పెట్టుకున్నారు? ఆ గౌన్ల రంగు ఎందుకు మారింది? జనవరి 7న రహస్యంగా ఇంకో ఎపిసోడ్ వస్తుంది, చూస్తూ ఉండండి అన్నారు. ప్రపంచమంతా ఆ ప్రచారం పాకింది. దానికి ‘కన్ఫార్మిటీ గేట్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. జనవరి 7 వచ్చింది. వెళ్ళింది. ఏ ఎపిసోడూ రాలేదు. అన్ని ఎపిసోడ్లూ వచ్చేశాయని నెట్‌ఫ్లిక్స్ తన పేజీల్లో రాసి పెట్టుకుంది.

ఆ కుర్రాళ్ళను చూసి నవ్వకండి. నేను నవ్వను. తొమ్మిదేళ్ళు తోడున్న కథ అయిపోయిందంటే మనసు ఒప్పుకోదు. ఒప్పుకోని మనసు సాక్ష్యాలు వెతుకుతుంది. అది ప్రేమ చేసే పని.

ఇలాంటి వాదన ఇదే మొదలు కూడా కాదు. అరవై ఏళ్ళ వెనక్కి వెళదాం. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అని ఓ సిరీస్ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే ఎంటర్‌ప్రైజ్ అనే నౌక కథ. రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారని మాట పుట్టింది. చూసేవాళ్ళు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు. కుప్పలు తెప్పలుగా రాశారు. విద్యార్థులు కాగడాలు పట్టుకుని టీవీ సంస్థ ముందుకు ఊరేగింపుగా వెళ్ళారు. చివరికి మూడో సీజన్ వచ్చింది. 1969లో మాత్రం ఆపేశారు. సరైన ముగింపు అంటూ లేకుండానే ఆపేశారు.

ఆపేస్తే కథ ఆగిందా? ఆగలేదు. పాత ఎపిసోడ్లే మళ్ళీ మళ్ళీ వేస్తుంటే కొత్త ప్రేక్షకులు పుట్టుకొచ్చారు. 1976లో అమెరికా మొదటి స్పేస్ షటిల్‌ను తయారుచేసింది. దానికి ముందు అనుకున్న పేరు వేరు. స్టార్ ట్రెక్ అభిమానులు మళ్ళీ ఉత్తరాలు రాశారు, ఈసారి ఏకంగా వైట్‌హౌస్‌కే. పేరు మారింది. ఆ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టారు. టీవీలో ఆపేసిన నౌక పేరు నిజమైన నౌక మీదికి ఎక్కింది. ఎక్కించింది ప్రేక్షకులు.

ఇంకో ఉదాహరణ. ‘లాస్ట్’ అనే సిరీస్. ఓ విమానం దీవిలో కూలుతుంది. బతికినవాళ్ళ కథ ఆరు సీజన్లు నడిచింది. 2010 మే నెలలో ముగిసింది. ఆఖరి ఎపిసోడ్ తర్వాత పేర్లు వేస్తూ కూలిన విమానం శిథిలాలు చూపించారు. దీవి మీద మనుషులెవరూ లేరు. అది చూసి చాలామంది, ఓహో, వీళ్ళందరూ మొదటి రోజే చనిపోయారన్నమాట, ఆరేళ్ళూ మనం చూసింది చనిపోయినవాళ్ళ కథ అనుకున్నారు. నిజానికి కథలో అలా లేదు. దీవి మీద జరిగింది నిజంగానే జరిగిందని కథలోనే ఓ పాత్ర చెబుతుంది. శిథిలాల బొమ్మలు కథలో భాగం కాదని టీవీ సంస్థ చెప్పాల్సి వచ్చింది. అయినా ఈ రోజుకీ ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు. పేర్లు పడేటప్పుడు చూపించిన నాలుగు బొమ్మలు ఆరేళ్ళ కథకు తప్పుడు అర్థం తెచ్చిపెట్టాయి.

సరే, అమెరికా మాట పక్కన పెడదాం. మన ఇంటి సంగతి చూద్దాం. ముగింపు మీద వాదన మనకు కొత్తా? కాదు. రామాయణం ఎక్కడ ముగియాలి? పట్టాభిషేకం దగ్గరా? లేక సీతమ్మ భూమిలో కలిసిపోయే దగ్గరా? ఎన్ని తరాలుగా మన అరుగుల మీద ఈ మాట నడిచిందో కదా. 1963లో ‘లవకుశ’ సినిమా వచ్చింది. సీతమ్మను భూదేవి తీసుకుపోతుంటే హాల్లో ఏడవని తల్లి లేదని మన అమ్మమ్మలు చెప్పేవారు. ముగింపు ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు. తెలిసీ ఏడ్చారు. తెలిసీ రాముడి మీద కోప్పడ్డారు.

అంతకంటే వెనక్కి వెళితే ఎనిమిదో శతాబ్దంలో భవభూతి మహాకవి. ఉత్తరరామచరితం అనే సంస్కృత నాటకం రాశాడు. సీతారాములను విడదీసి ముగించడానికి ఆయనకు మనసొప్పలేదు. కలిపి ముగించాడు. వాల్మీకి కథను ఎంతో ప్రేమించినవాడే ఆ ముగింపు మార్చాడు. ఈ రోజు మన పిల్లలు ఎలెవన్ బతికుందని సొంతంగా కథలు రాసుకుంటున్నారంటే, ఆ దారి చాలా పాతది.

టీవీ కాలంలోనూ మన దేశంలో అలాంటిది జరిగింది. రామానంద్ సాగర్ రామాయణం గుర్తుంది కదా. ఆదివారం పొద్దున్న వీధులు ఖాళీ అయ్యేవి. 1988లో అది పట్టాభిషేకంతో ముగుస్తుందని తెలిసింది. అప్పుడు పంజాబ్‌లో, మరికొన్ని ఉత్తరాది పట్టణాల్లో వాల్మీకి సమాజానికి చెందిన పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వాల్మీకి మహర్షి తమ కులగురువు. ఆయన ఆశ్రమంలో జరిగే లవకుశుల కథ లేకుండా రామాయణం ఎలా ముగుస్తుందని అడిగారు. ప్రభుత్వం కదిలింది. ఉత్తరకాండ కూడా తీశారు. అభిమానుల మాట మీద ఇంకో సీజన్ రావడం అమెరికాలోనే కాదు, మన దూరదర్శన్‌లోనూ జరిగింది.

అంతెందుకు, మన విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన ‘మరో చరిత్ర’ చూడండి. 1978 నాటి సినిమా. ఏడాది ఎడబాటు ఓర్చుకున్న ప్రేమికులను చివర్లో కలపకుండా చంపేశారు బాలచందర్. వాళ్ళను బతికిస్తే ఏం పోయేదని అడిగినవాళ్ళు మన జిల్లాల్లో లెక్కలేనంత మంది. ఆ ముగింపు వల్లే సినిమా గుర్తుండిపోయింది అనేవాళ్ళూ అంతమందే.

అయితే సైన్స్ ఫిక్షన్‌కు ముగింపు రాయడం మిగతా కథలకంటే కష్టం. ఎందుకో చెబుతాను. మామూలు కథ మనుషులకు న్యాయం చేస్తే చాలు. సైన్స్ ఫిక్షన్ ఇంకో మాట కూడా ఇస్తుంది. ఈ లోకానికి కొన్ని నియమాలు ఉన్నాయి, అవి ఇలా పనిచేస్తాయి అని ముందే చెబుతుంది. ఆఖర్న ఆ నియమాలకూ కట్టుబడాలి, మనుషులకూ న్యాయం చేయాలి. రెండూ ఒకేసారి. మన అనకాపల్లి బెల్లం పెనం దగ్గర నిలబడ్డవారికి ఈ కష్టం తెలుసు. పాకం లేతగా ఉండగా దించితే దిమ్మ కట్టదు. ముదరనిస్తే రంగు చెడుతుంది. దించే క్షణం ఒక్కటే.

అందుకని సైన్స్ ఫిక్షన్ ముగింపును తూచడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. గుర్తు పెట్టుకోండి, రెండే ప్రశ్నలు. మొదటిది, ఈ కథ తాను పెట్టుకున్న నియమాలకు కట్టుబడిందా? రెండోది, ఈ కథ తన మనుషులకు న్యాయం చేసిందా?

‘డార్క్’ అనే జర్మన్ సిరీస్ ఉంది. కాలంలో ముందుకీ వెనక్కీ ప్రయాణం చేసే ఓ ఊరి కథ. మూడు సీజన్లు. ఆ కథలో ప్రళయం వచ్చే రోజు 2020 జూన్ 27. ఆఖరి సీజన్‌ను సరిగ్గా ఆ తారీఖునే విడుదల చేశారు. అంత లెక్కగా చేశారు. ఎవరు ఎవరికి తల్లి, ఎవరు ఎవరికి కొడుకు అని కాగితం పెట్టుకుని గీసుకుంటే తప్ప అర్థం కాని కథ అది. అయినా చివరికి చిక్కుముడి విప్పింది. విప్పుతూ మనల్ని ఏడిపించింది. నా రెండు ప్రశ్నలకూ అది అవుననే జవాబు చెప్పింది.

మరి స్ట్రేంజర్ థింగ్స్? నా తీర్పు నేను చెబుతాను. మీది మీరు చెప్పండి. మనుషులకు న్యాయం చేసిందా? చేసింది. ఆట ముగించి పుస్తకాలు ఒక్కొక్కరుగా అరలో సర్ది మెట్లెక్కి వెళ్ళిపోతుంటే, అదే బల్ల దగ్గరికి మైక్ చెల్లెలు హాలీ తన స్నేహితులతో పరిగెత్తుకొస్తుంది. అది చూసి చిన్ననాటి ఆటస్థలం గుర్తురాని మనిషి ఉండడు. మరి నియమాలకు కట్టుబడిందా? అక్కడ మాత్రం బాకీ మిగిలింది. ఐదు సీజన్లు భయపెట్టిన డెమోగార్గన్‌లు అనే చీకటి లోకపు భూతాలు ఆఖరి యుద్ధంలో ఎక్కడికి పోయాయి? సైన్యంతో అంత పోరాడిన పిల్లలు పద్దెనిమిది నెలల తర్వాత ఏ శిక్షా లేకుండా పట్టాలు ఎలా తీసుకున్నారు? ఈ ప్రశ్నలకు కథలో జవాబు లేదు. రహస్య ఎపిసోడ్ పుకారు అంతగా పాకడానికి ఈ ఖాళీలు కూడా కారణమే. కథ వదిలిన ఖాళీలను ప్రేక్షకుడు ఊహతో పూడుస్తాడు.

ఎలెవన్ సంగతి మాత్రం వేరు. అది మరచిపోయి వదిలిన ఖాళీ కాదు, కావాలని తెరిచి ఉంచిన తలుపు. స్నేహితులు నమ్మడాన్ని ఎంచుకున్నారు. నేనూ నమ్ముతాను. నమ్మనివారితో నాకు తగవు లేదు.

వాదించే పిల్లలకు ఇప్పుడు ఓ రెండు మాటలు. వాదించండి, గట్టిగా వాదించండి. అయితే తెర మీద ఉన్నదాని మీద వాదించండి. నచ్చలేదని రచయితల్ని తిట్టడం, నటుల రూపాన్ని వెక్కిరించడం, వాళ్ళ ఇంటివాళ్ళను లాగడం వాదన అనిపించుకోదు. పన్నెండేళ్ళకే తెర మీదికి వచ్చిన పిల్లలు వాళ్ళు. పెరగడం కూడా తప్పన్నట్టు ఎన్ని మాటలు పడ్డారో. మన ఇంట్లో పిల్లను అలా అంటే ఊరుకుంటామా?

రెండో మాట. ఇంకా చూడనివారి ఆనందం పాడుచేయకండి. వాళ్ళను ముందు అడగండి, చూశారా అని. చూడలేదంటే ఆగండి. వాళ్ళు చూశాక కూర్చోబెట్టుకుని తనివితీరా మాట్లాడండి.

ఇక పెద్దవాళ్ళకు ఓ మనవి. పిల్లలు ఇలా వాదిస్తుంటే పనికిమాలిన గోల అనుకోకండి. ఓ కథను పట్టుకుని, ఇది ఇలా ఎందుకు జరిగింది, దీనికి ఆధారం ఏమిటి, ఆ మాటకు ఈ మాటకు పొంతన ఉందా అని అడుగుతున్నారు. సాక్ష్యం చూపించి మాట్లాడుతున్నారు. లెక్కల్లోనూ, లోకంలోనూ కావలసిన తెలివి ఇదే. పక్కన కూర్చోండి. ఆ పిల్ల ఉందా, పోయిందా అని అడగండి. ఎంత వివరంగా చెబుతారో చూడండి.

చివరిగా, ఇది నా మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరిక. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కించి మనల్ని శ్రీకృష్ణదేవరాయల సభకు తీసుకువెళ్ళారు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ మహాభారతాన్ని భవిష్యత్తుతో ముడిపెట్టింది. రెండో భాగంలో ఏమవుతుందని మనవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అవి సినిమాలు. ఏళ్ళ తరబడి మనతో పెరిగే ఓ తెలుగు సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఇంకా రావాలి. శారదా నది ఒడ్డున సైకిళ్ళ మీద తిరిగే నలుగురు పిల్లలు ఉండాలి. బొజ్జన్నకొండ రాతి గుహల్లో వాళ్ళకు ఓ తలుపు కనబడాలి. నూకాలమ్మ జాతర రాత్రి కథ మలుపు తిరగాలి. అలాంటి కథ రాయగల పిల్ల, రాయగల పిల్లవాడు ఈ మాటలు వింటూ ఉండవచ్చు.

నాయనా, తల్లీ, నిన్నే అడుగుతున్నాను. ఎలెవన్ ముగింపు నీకు నచ్చలేదు కదా. ఏం ఉండాలో నీకు తెలుసు కదా. ఈ రాత్రే ఓ నోటుపుస్తకం తీసి మొదటి పేజీ రాయి. రేపు నీ కథ ముగింపు మీద మేమందరం వాదించుకుంటాం.